చెవి పక్క చూపు

మంగళవారం పొద్దున, పొయ్యి మీద చాయ పొంగి మంట ఆరిపోయిన వేళకు, సుమిత్ర ఇంటి గోడ మీదికి మళ్లీ వాళ్లు వచ్చారు.

జానెడు మనుషులు. మగవాళ్లకు ఆకుపచ్చ తలపాగలు, ఆడవాళ్లకు పసుప్పచ్చని చీరెలు. వరసగా గోడ దిగి, గచ్చు మీదుగా నడిచి, ఆమె ఒళ్లో ఉన్న బీడీల చాట అంచు ఎక్కి, పొగాకు మీద అడుగుజాడ పడకుండా వెళ్లిపోతున్నారు. చప్పుడు లేదు. ఒకామె చంకలో పిల్ల ఉంది. ఆ పిల్ల ముక్కుపుల్ల మెరుపు కూడా సుమిత్రకు స్పష్టంగా కనబడుతోంది. వింతంతా అదే. ఎదురుగా కూర్చున్న అత్త ముఖం కనబడక రెండేళ్లయింది. ఉన్న మనుషుల ముఖాలు పోయాయి, లేని మనుషుల ముఖాలు వచ్చాయి.

చేతులు మాత్రం ఆగలేదు. తడిబట్టలోంచి తునికాకు తీయడం, కొలత రేకు ఆనించి కత్తెరతో కోయడం, చిటికెడు పొగాకు పరిచి చుట్టడం, దారం వేయడం, బొటనవేలి గోటితో మూతి మడవడం. ఇరవై ఏళ్లుగా ఆ పని చేతులదే, కళ్లకు అందులో వాటా తక్కువ. ఆకులో చిల్లి ఉంటే మాత్రం చేతులకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె బొటనవేలితో ఈనెలు తడుముకుంటూ, చాట మీద నడిచే ఊరేగింపును చూస్తూ కూర్చుంది. భయం వేయడం మానేసి చాలా రోజులైంది. ఇప్పుడు వాళ్లు రాకపోతేనే ఇల్లు బోసిగా అనిపిస్తోంది.

"అచ్చిండ్లా తల్లీ?" అంది అత్త సత్యవ్వ గొంతు తగ్గించి.

సుమిత్ర అవునన్నట్టు తల ఊపింది. సత్యవ్వ లేచి రెండు చేతులూ జోడించి, ఎవరూ లేని చాటకు దండం పెట్టింది.

ఈ సత్యవ్వే నెల కిందటి వరకు కోడలిని తిట్టడానికి పొద్దు చాలదనేది. బీడీలు కార్ఖానాలో పనికిరావని తిప్పి పంపినప్పుడల్లా, దారిలో నవ్విన వాళ్లను సుమిత్ర పలకరించకుండా దాటిపోయినప్పుడల్లా, "కండ్లు నెత్తికెక్కినయ్ దీనికి" అని వాడకట్టంతా వినబడేలా అనేది. పరాయి మనిషి కూడా కాదు, సుమిత్ర తండ్రికి తోడబుట్టిన అక్క. మేనరికం కోడలిని తిట్టడానికి రెండింతల హక్కు ఉంటుందని ఆమె లెక్క. మొగుడు తిరుపతి దుబాయి నుంచి ఫోన్ చేస్తే తల్లి చెప్పిందీ వినేవాడు, భార్య చెప్పిందీ వినేవాడు, ఇద్దరికీ "సరె" అని పెట్టేసేవాడు.

మూడు వారాల కింద సుమిత్ర నోరు జారింది. "గీ పసుపు చీరెలోల్లు ఎవలత్తా?" అని అడిగింది. సత్యవ్వ చేతిలోని చెంబు జారి పడింది. పసుపు చీరె అంటే పోశమ్మ. సత్యవ్వ కన్నతల్లి లక్ష్మవ్వ పెగడపల్లిలో పేరుమోసిన శివసత్తి, అమ్మవారు ఒంటి మీదికి వచ్చి పలికే మనిషి. సుమిత్రకు ఆమే బాపమ్మ. రక్తం ఎక్కడికి పోతుంది అనుకుంది సత్యవ్వ. ఆ సాయంత్రమే కోడలి నుదుటికి అమ్మవారి పసుపు బండారు పెట్టి పీట మీద కూర్చోబెట్టింది.

మంగళ, శుక్రవారాలు జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. సుమిత్ర వాళ్ల ముఖంలోకి చూస్తే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ ఉండదు. అందుకని మెడ కొంచెం తిప్పి వాళ్ల చెవి పక్కకు చూస్తుంది. అట్లా చూస్తే ముఖం కొసకు కొంచెం అందుతుంది. వచ్చినవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసుకుంటారు. అమ్మ మనిషిని చూడదట, మనిషి వెనుక నిలబడ్డదాన్ని చూస్తుందట అని ఆ మాట కోరుట్ల దాటి సిరిసిల్ల దాకా పోయింది.

ఆ మంగళవారం సిరిసిల్ల నుంచి ఒక మరమగ్గాల కార్మికుడి భార్య వచ్చి, కొడుకుకు వీసా వస్తుందా అని అడిగింది. సుమిత్ర ఆమె చెవి పక్కకు చూసి "అస్తది" అంది. ఇంకేమంటుంది? అప్పటికే రెండు వీసాలు వచ్చి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల వీసా రావడానికి అమ్మవారి దాకా ఎందుకు, ఏజెంటు తల్చుకుంటే చాలు. కానీ పేరు మాత్రం సుమిత్ర పీటకు వచ్చింది.

తాను అమ్మనని ఆమె ఒక్కసారీ అనలేదు. కానని కూడా అనలేదు. సత్యవ్వ ఇప్పుడు కోడలి తల దువ్వుతోంది, మొదటి పళ్లెం ఆమెకే పెడుతోంది, ఆకుల్లో చిల్లులున్నవి తానే ఏరుతోంది. పెళ్లయిన నాటి నుంచి ఇంత మెత్తని గొంతు ఆ ఇంట్లో సుమిత్ర విని ఎరగదు. కానని అంటే ఆ గొంతు మళ్లీ గరుకెక్కుతుంది. ఆమెకు అది వద్దు. ఆ ఒక్కటీ వద్దు.

*

బుధవారం బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతే అక్కడ కంటి క్యాంపు పెట్టారు. బీడీ కార్మికులందరూ చూపించుకోవాలని మేస్త్రీ వినోద్ వరసలో నిలబెట్టాడు. సుమిత్ర తప్పించుకోబోయింది గానీ, అమ్మవారు పలికే మనిషైనా సరే అద్దాలు కావాలంటే నిలబడాల్సిందేనని నవ్వుతూ ముందుకు తోశాడు.

డాక్టరమ్మ జగిత్యాల ఆసుపత్రి నుంచి వచ్చింది. వయసు తక్కువని గొంతును బట్టి తెలుస్తోంది. గోడ మీద అక్షరాలు చదవమంటే సుమిత్ర మెడ తిప్పింది. డాక్టరమ్మ అది గమనించింది. కళ్లల్లో చుక్కలు వేసి, చీకటి గుడ్డ వెనుక కూర్చోబెట్టి, లైటు వేసి చాలాసేపు చూసింది. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

కంటి వెనుక ఒక పొర ఉంటుందని, ఆ పొర నడిమి భాగం ఎండిపోతోందని చెప్పింది. వేలమందిలో ఒకరికి వచ్చే జబ్బు. రక్తంలో వస్తుంది, దగ్గరి సంబంధాలు చేసుకున్న ఇళ్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. అద్దాలతో పోదు, ఇప్పటికి మందు లేదు.

"గాని మొత్తం చీకటి కాదమ్మా. పక్క చూపు ఉంటది. దానితోని పని చేస్కునుడు మేం నేర్పుతం."

సుమిత్ర చుట్టూ ఎవరూ లేరని నిర్ధారించుకుని, జానెడు మనుషుల సంగతి అడిగింది. డాక్టరమ్మ ఆశ్చర్యపడలేదు. వాళ్లు మాట్లాడతారా అని మాత్రం అడిగింది. మాట్లాడరంది సుమిత్ర.

"అయితె పిచ్చి కాదు, గాలి సోకుడు కాదు. కండ్లు బొమ్మ పంపుడు బందు చేసిన జాగల మెదడు తనే బొమ్మలేస్కుంటది. శానమందికైతది. భయంతోని ఎవ్వరు చెప్పరు."

సుమిత్ర అక్కడే ఏడ్చింది. పిచ్చి కాదన్న మాట కోసం తాను ఎంత కాచుకుని ఉందో అప్పుడే తెలిసింది. ఇదే జబ్బున్నవాళ్లు నెలకోసారి జగిత్యాల ఆసుపత్రిలో కూర్చుని మాట్లాడుకుంటారట. వచ్చే సోమవారం రమ్మంది డాక్టరమ్మ. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే ఎవరికీ లేదంది.

ఇంటికి నడుస్తుంటే ఊరేగింపు కూడా రోడ్డు పక్కన ఆమెతోపాటు నడిచింది. బొమ్మలని తెలిశాక వాళ్లు కొంచెం దిగులుగా ఉన్నట్టనిపించింది. గుమ్మంలో సత్యవ్వ నీళ్ల చెంబుతో ఎదురొచ్చి, కాళ్లు తానే కడిగి, "ఎండల పోయినవు తల్లీ" అంది. సుమిత్ర నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. రేపు చెబుదాం అనుకుంది. గురువారం కూడా రేపే అనుకుంది.

*

శుక్రవారం గీత వచ్చింది, కూతురిని వెంటబెట్టుకుని. గీత సుమిత్ర చిన్నాయిన కోడలు. మొగుడు రమేశ్ మస్కట్‌లో ఉంటాడు. పెగడపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. పీట ముందు చాప మీద పన్నెండు మంది దాకా ఉన్నారు, ఒకామె కాళ్లు కట్టిన కోడిని ఒళ్లో పెట్టుకుంది.

గీత ఏడుస్తూ చెప్పుకుంటూ పోయింది. వర్ష ఆరో తరగతి. చిన్నప్పుడు మంచిగనే చదివేది. ఏడాదిగా నల్లబల్ల మీది అక్షరం ఒక్కటి ఎక్కించుకోదు. మొదటి బెంచీలో కూర్చోబెట్టినా అంతే. రెండుసార్లు అద్దాలు మార్చారు. సారు నాటకాలంటాడు, చేతుల మీద వాతలు తేలేలా కొట్టాడు. మాట్లాడుతుంటే మొఖంలోకి చూడదు, ఎటో చూస్తుంది.

"పొగరంటరు వదినె. పెద్ద సారు ఎదురుంగ పక్కకు మొఖం తిప్పుకున్నదట. మాయనో మంత్రమో, నువ్వే చెప్పాలె."

పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది. సుమిత్ర అలవాటుగా మెడ ఎడమకు తిప్పింది. కొసచూపులో సన్నని భుజం, రెండు జడలు కనబడ్డాయి. ఆ జడల తల కూడా మెల్లగా పక్కకు తిరిగింది. ఒకరి చెవి పక్కకు ఒకరు చూస్తూ ఇద్దరూ అట్లాగే ఉండిపోయారు. ఆ సన్నని భుజం మీదుగా పచ్చ తలపాగలవాళ్లు చప్పుడు లేకుండా నడిచిపోతున్నారు.

చూసింది సత్యవ్వ. చాప మీది జనమంతా చూశారు.

"పోశవ్వ తల్లీ," అంది సత్యవ్వ. "పిల్లకు సుత అమ్మ సోకింది. మా అవ్వ చూపది. అచ్చం మా అవ్వ చూపు." లేచి వచ్చి పిల్ల నుదుట బండారు పెట్టింది. ఇంక బడి వద్దని, అమ్మ ఎన్నుకున్న పిల్లకు అక్షరం ఎట్ల అంటుతుందని, వచ్చే శుక్రవారం మంచిరోజు చూసి అత్త పక్కనే పీట వేద్దామని అంది. గీత ఏడుపు ఆపి చేతులు జోడించింది. ఏడాదిగా పొగరన్న పిల్ల ఒక్క క్షణంలో దేవతైతే ఏ తల్లికి చేదు? జనం పిల్ల కాళ్లకు మొక్కబోయారు. వర్ష కాళ్లు వెనక్కి లాక్కుంది.

సుమిత్రకు ఆ కాళ్లు లాక్కోవడం బాగా కనబడింది. కింద జరిగేవన్నీ ఆమెకు బాగానే కనబడతాయి.

పోశవ్వ తల్లీ, నీ పీట నీదే, నా మీద కోపం చెయ్యకు అనుకుంది లోపల. పీట మీది నుంచి దిగి, చాప మీద పిల్ల ముందు కూర్చుంది.

"వర్షా, నా మొఖం దిక్కు చూడు బిడ్డా. ఏం కనవడ్తాంది, ఉన్నదున్నట్టు చెప్పు. ఎవ్వరు కొట్టరు."

పిల్ల తల ఎదురుకు తిప్పి చూసింది. తరువాత మెల్లగా చెప్పింది. "చెవులు కనవడ్తున్నయ్. ఎంటికలు కనవడ్తున్నయ్. నడుమ లేదు."

"నడుమ ఏమున్నది?"

"ఎవలో తుడిచేసినట్టున్నది."

"నాకు సుత గంతే," అంది సుమిత్ర. "నీ జడలు కనవడ్తున్నయ్. మొఖం కనవడ్తలేదు."

ఆ తరువాత ఆమె జనం వైపు తిరిగి చెప్పింది. తన ఒంటి మీదికి ఎవరూ రావడం లేదని, కంటి లోపల పొర ఎండిపోతోందని, బుధవారం డాక్టరమ్మ చూసి చెప్పిందని, ఎవరి వెనుకా ఎవరూ నిలబడి లేరని, ముఖం కనబడకనే పక్కకు చూస్తుందని. ఇన్నాళ్లు కానని చెప్పనందుకు తప్పు తనదేనంది. పిల్లను బడి మానిపించొద్దు, సోమవారం జగిత్యాలకు తీసుకురా అని గీతకు చెప్పింది.

కోడి తెచ్చినామె కోడిని చంకలో పెట్టుకుని ముందుగా లేచింది. మరి మా వానికి చెప్పిన వీసా సంగతేందని వెనుక నుంచి ఒకతను అడిగాడు. ఏజెంటును అడగమంది సుమిత్ర. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని పోయారు. పోతూ పోతూ ఎవరో, కండ్లు లేని దాని కాళ్లు మొక్కినం గదా అని నవ్వారు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా సుమిత్ర లేవలేదు, ఎందుకంటే పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

"అత్తా, నేను నాటకాలు చేస్తలేనా?"

"లేవు బిడ్డా."

వర్ష అప్పుడు ఏడ్చింది. సారు కొట్టినప్పుడు కూడా ఏడవని పిల్ల అని గీత తరువాత చెప్పింది.

*

సత్యవ్వ లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. శనివారమంతా మాట్లాడలేదు. తిడితే బాగుండునని సుమిత్రకు అనిపించింది. పొద్దున తన తల తానే దువ్వుకుంది, పాపిట వంకరగా వచ్చింది. వాడకట్టులో ఎవరో కావాలనే ఎదురొచ్చి, "నేనెవరో చెప్పు" అని ఆటపట్టించి పోయారు. తిరుపతి ఫోన్ చేసి విషయం విని, "ఇన్ని రోజులు నా మొఖం సుత కనవడలేదా?" అన్నాడు. ఫోన్‌లో బొమ్మ కదులుతుంటే గడ్డం గుర్తుపట్టేదాన్నంది. ఈసారి అతను సరె అనలేదు. పైసలు దొరికిన నెలే వస్తానన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సత్యవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది. తడిబట్ట తనవైపు లాక్కుని, ఒక్కో ఆకు వెలుతురుకు పట్టి చూసి, చిల్లులున్నవి పక్కన పడేసి, మంచివి కోడలి మోకాలి దగ్గర పేర్చసాగింది. జానెడు మనుషులు వచ్చి ఆకుల దొంతర మీద కూర్చున్నారు. వాళ్లు కూర్చోవడం సుమిత్ర మొదటిసారి చూస్తోంది.

"మా అవ్వ నన్ను ఎన్నడు మొఖంలకు చూడలే," అంది సత్యవ్వ ఉన్నట్టుండి. చేతులు ఆపలేదు. "జడేసేటప్పుడు సుత చూడలే. పెండ్లి నాడు బొట్టు పెట్టేటప్పుడు సుత పక్కకే చూసింది. అమ్మోరి మనిషి, కన్న బిడ్డ కండ్లకు ఏం ఆనుతది అనుకున్న. గట్లనే సచ్చిపోయింది."

సుమిత్ర చుట్టిన బీడీని దారం వేయకుండానే పట్టుకుని ఉండిపోయింది.

"నీకున్నదే ఆమెకుండెనా?" అని అడిగింది సత్యవ్వ. కోపంగానే అడిగింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియదు. సుమిత్రకూ తెలియదు, ఉండొచ్చంది. సత్యవ్వ ఇంకో ఆకు వెలుతురుకు పట్టింది. అందులో చిల్లి లేకపోయినా చాలాసేపు చూసింది.

*

సోమవారం ముగ్గురు జగిత్యాల బస్సెక్కాల్సింది, నలుగురు ఎక్కారు. శుక్రవారం నుంచి కోరుట్లలోనే చుట్టాలింట్లో ఉన్న గీత, వర్ష, సుమిత్ర, వాళ్ల వెనుక ఎవరూ పిలవకుండానే సత్యవ్వ. ఆమె వస్తున్నట్టు చెప్పలేదు. బస్టాండు దాకా పది అడుగులు వెనుకే నడిచి, బస్సు కదిలేముందు ఎక్కి, కిటికీ పక్క సీటు కోడలికి వదిలి కూర్చుంది.

ఆసుపత్రి మేడ మీద ఒక పొడుగాటి గది. గోడల రంగు లేత నీలం, కిటికీల్లోంచి మబ్బు వెలుతురు పరుచుకుని ఉంది. కుర్చీలు గుండ్రంగా వేశారు. తొమ్మిది మంది ఉన్నారు. ఒక లాయరు గుమస్తా, ధర్మపురి నుంచి వచ్చిన ఒక అయ్యగారు, కుట్టుమిషన్ మానేసిన ఒక ఆడమనిషి, మిగతావాళ్లు పిల్లలు, వాళ్ల తల్లులు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, వర్షకు కూడా అదే జబ్బని గీతకు మెల్లగా చెప్పింది. గీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బడికి తానే రాసిస్తానంది డాక్టరమ్మ. పెద్ద అక్షరాల కాగితాలు, పరీక్షలో ఎక్కువ సమయం, కొట్టడం బందు.

అయ్యగారు తనకు కనబడే వాటి సంగతి చెప్పాడు. ఆయనకు మనుషులు రారు, తీగలు వస్తాయి. మంత్రం చదువుతుంటే పుస్తకం నిండా పూలు పూస్తాయట. అందరూ నవ్వారు. సుమిత్ర కూడా నవ్వి తన ఊరేగింపును గురించి చెప్పింది. చెప్పడం ఇంత తేలికా అనుకుంది. నాకెప్పుడు వస్తరని వర్ష అడిగింది, రాకపోయినా బాధ లేదని, వస్తే భయపడొద్దని అయ్యగారే జవాబిచ్చాడు.

సత్యవ్వ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. గదిలో ఎవరూ ఎవరినీ ఎదురుగా చూడటం లేదు. తల్లులు తప్ప ప్రతివాళ్లూ మెడ కొంచెం తిప్పి, పక్కనున్నవాళ్ల చెవి దాటి ఎటో చూస్తూ నవ్వుతున్నారు, మాట్లాడుతున్నారు. ఇంతమంది ఒక్కచోట, ఒక్కటే చూపు. ఆమె ఆ గుండ్రాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది, మళ్లీ మొదటికి వచ్చింది. వచ్చి కోడలి పక్క కుర్చీలో కూలబడింది.

డాక్టరమ్మ రిజిస్టరు తీసి కొత్తవాళ్ల పేర్లు రాసుకుంటోంది. సుమిత్ర, కోరుట్ల. వర్ష, పెగడపల్లి.

"బిడ్డా, ఒక్కటడుగుత," అంది సత్యవ్వ. "గిట్ల పక్కకు చూస్తె ఎదుటోల్ల మొఖం కనవడ్తదా?"

"పూర్తిగ కాదమ్మా, గాని కొంచెం కనవడ్తది. ఎదురుంగ చూస్తెనే ఏం కనవడది. అందుకే వీల్లు ఎవరినన్న నిజంగ చూడాల్ననుకుంటె, పక్కకు చూస్తరు."

గదిలో మాటలు సాగుతూనే ఉన్నాయి. సత్యవ్వ కళ్లు తుడుచుకోలేదు, వాటంతటవే కారనిచ్చింది.

"అయితె మా అవ్వ నన్ను చూసింది," అంది.

సుమిత్ర ఆమె చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ పేజీ మూయబోతుంటే సత్యవ్వ రెండో చెయ్యి చాచి ఆపింది.

"ఇంకొక పేరు రాస్కో. లక్ష్మవ్వ, పెగడపల్లి. సచ్చిపోయి ముప్పై ఏండ్లయింది. అయినా రాస్కో."

డాక్టరమ్మ కలం మూత మళ్లీ తీసి, వర్ష పేరు కింద రాసుకుంది.